మెరవని చుక్క

నేను చేసే పని ఏమిటో మా అమ్మకు టీవీ రిమోట్‌తో చూపించాను. గాజువాకలో మా ఇంటి ముందుగదిలో కూర్చున్నాం, సీరియల్ మధ్య ప్రకటనలు వస్తున్నాయి. రిమోట్ ముక్కును ఫోన్ ముందు కెమెరా వైపు తిప్పి బటన్ నొక్కితే, ఫోన్ తెర మీద చిన్న ఊదారంగు వెలుగు మినుకుమంది. అమ్మ రిమోట్ లాక్కుని, కంటి దగ్గర పెట్టుకుని నొక్కి చూసింది. ఏమీ లేదు. మళ్లీ ఫోన్‌లో చూసింది. ఉంది.

"మన కంటికి అగుపడంది పోనుకి అగుపడతందేటే?" అంది.

నా పని అంతా అదే అన్నాను. చీకట్లో టార్చి మీద అరచెయ్యి పెడితే చెయ్యి ఎర్రగా కనిపిస్తుంది. మిగతా రంగులు మాంసంలో ఆగిపోతాయి, ఎరుపొక్కటే బయటికొస్తుంది. ఎరుపుకు అవతల మన కంటికి అందని వెలుగు ఇంకొకటి ఉంది. అది ఇంకా లోతుకు పోయి వస్తుంది. ఆ వెలుగు తగలగానే తిరిగి అలాంటి వెలుగునే ఇచ్చే రేణువులను మేము తయారుచేస్తాం. నానోప్రోబ్‌లు అంటారు. వెంట్రుక మందంలో వందలకు వందలు పడతాయి. ఎలుక తోకలోని నరంలోకి ఎక్కిస్తే అవి రక్తంతో తిరిగి తిరిగి, కణితి ఉన్నచోట చేరి కూర్చుంటాయి. కొయ్యకుండా, పొడవకుండా, పైనుంచి కెమెరా పెడితే లోపలి కణితి వెలుగుతూ కనిపిస్తుంది.

అమ్మ ఓపిగ్గా అంతా విని, "అయిపోయాక ఎలకనేటి సేత్తారు?" అని అడిగింది.

ఏం చేస్తామో చెప్పాను. "పాపం" అంది. ఇంతలో సీరియల్ మొదలైంది.

మా ప్రయోగశాల ఊరికి ఆ చివర, కొండ మీది క్యాంపస్‌లో ఉండేది. రెండు బస్సులు మారి వెళ్లేదాన్ని. సముద్రం ఎదురుగా ఉద్యోగమని తెలిసినవాళ్లు ఈర్ష్యపడేవాళ్లు గానీ, మాది చీకటిగది. కిటికీకి నల్లగుడ్డ మేకులు కొట్టి బిగించి ఉండేది. ఎంత లోతులో ఉన్న రేణువుల వెలుగు పైకి తేలుతుందో తెలుసుకోవడానికి, వాటిని సన్నని గాజుగొట్టంలో పోసి, గొట్టం మీద కోడిమాంసం పలచటి ముక్కలు ఒకదానిమీద ఒకటి పేరుస్తూ ఫోటోలు తీస్తాం. వన్‌టౌన్‌లో ఒక సాయిబు గారి కొట్లో ఆ ముక్కలు కొట్టించుకునేదాన్ని. నన్ను చూడగానే ఆయన "కూరకా మేడమ్, కెమెరాకా?" అని అడిగేవారు. కెమెరాకు అంటే కత్తి మార్చేవారు. ఫోటోలయ్యాక ఆ ముక్కలు పారేస్తామని తెలిసి అమ్మ నాతో రెండ్రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

మొదటిసారి ఎలుక పొట్ట మెరిసినప్పుడు ఆనందంతో నాకు కాళ్లు నేలమీద ఆనలేదు. మా సార్ వచ్చి చూసి, మేత ఏం పెట్టావమ్మా అన్నారు. ఆకుల పొడి కలిసిన మేత. ఆకులోని పచ్చదనానికి కూడా ఆ వెలుగులో మెరిసే గుణం ఉంది. ఆ ఎలుక మెరిసింది అది తిన్న ఆకులతో, నా తెలివితేటలతో కాదు. ఈ సంగతి ఇంటికొచ్చి చెబితే అమ్మ నవ్వి, "అయితే గోంగూర తిన్నరోజు నన్ను సూడకు" అంది. ఆ నవ్వు నాకు ఇప్పుడు కూడా చెవుల్లో ఉంది. ఆ రోజు మాత్రం ఒళ్లు మండింది.

మేత మార్చాను. రేణువులు మార్చాను. చివరికి కణితి నిజంగానే మెరిసింది. అప్పుడు సార్ ఇంకో ప్రశ్న వేశారు. "లోపలికి పోయాయి సరే. బయటికి ఎప్పుడు పోతాయి?" మా రేణువులకున్న జబ్బంతా అదే. పని అయిపోయాక ఒంట్లోంచి వెళ్లిపోవు. కాలేయంలో, ప్లీహంలో చేరి అక్కడే ఉండిపోతాయి. ఒంట్లో ఉండిపోయేదాన్ని మనిషికి ఎక్కించడానికి ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. నా చదువులో సగం కాలం, వాటిని లోపలికి పంపడం కాక బయటికి పంపడం ఎలా అన్నదాని మీదే గడిచింది.

ఒంట్లో చేరి బయటికి రానిది మా అమ్మ ఎడమ చేతిమీద ఒకటి ఉండేది. పచ్చబొట్టు. ముంజేతి లోపలివైపు నాలుగు చుక్కలు, మధ్యలో ఒకటి. ఏళ్లు గడిచి అంచులు అలుక్కుపోయి, నీలంగా, ఆకుపచ్చగా కనిపించేవి. అమ్మ పుట్టిల్లు ఆనందపురం అవతల ఒక పల్లె. అక్కడి అమ్మవారి జాతరకు, మా వైపు తీర్థం అంటారు, పచ్చబొట్లు పొడిచే ఒకావిడ వచ్చేదట. దీపం మసిలో ఏదో ఆకు పసరు కలిపి, సూదులు కట్టగా కట్టి పొడిచేదట. అమ్మ, అమ్మ చెల్లెలు పక్కపక్కనే కూర్చుని పొడిపించుకున్నారు. చెల్లెలు నొప్పికి తట్టుకోలేక నాలుగు చుక్కలయ్యాక చెయ్యి లాక్కుని పరుగెత్తింది. ఆమెకు మధ్యచుక్క లేదు. ఆ వానాకాలంలోనే జ్వరమొచ్చి పోయింది. నేను చూడని ఆ పిన్నికి ఒక ఫోటో కూడా లేదు. అమ్మ చేతిమీది చుక్కలే ఆమె తాలూకు జ్ఞాపకం.

"ఒంటిమీద బంగారం తీసేత్తారు. కోక తీసేత్తారు. దీన్ని మాత్రం ఎవులూ తియ్యనేరు," అనేది అమ్మ, చెయ్యి చూపించి. "పైకెల్లాక సెల్లి నన్నెలాగ పోలుస్తాది? దీన్ని సూసే. నాను పెద్దదాన్నయిపోనాను గదా, మొకం సూస్తే ఎరగదు."

నా చిన్నప్పుడు అదే ఊరి తీర్థంలో అమ్మ నన్ను కూడా ఆ పచ్చబొట్లావిడ ముందు కూర్చోబెట్టాలని చూసింది. నేను గోల చేసి లేచిపోయాను. బళ్లో ఎగతాళి చేస్తారన్న భయం. ఆ తర్వాత అమ్మ అడగలేదు. మా ఇంట్లో పచ్చబొట్టు లేని మొదటి ఆడమనిషిని నేనే.

నాన్న స్టీల్‌ప్లాంట్‌లో పనిచేసి, రిటైరయ్యాక కొద్దికాలానికే గుండెపోటుతో పోయారు. అప్పట్నించీ అమ్మా నేనూ ఇద్దరమే. గాజువాక కూరగాయల మీద అమ్మకు ఏమాత్రం నమ్మకం లేదు. పొద్దున్నే బస్సెక్కి తన తమ్ముడు, అంటే మా మావయ్య దగ్గరికి, ఆనందపురం పోయి సంచి నిండా వంకాయలూ ఆనపకాయలూ తెచ్చేది. ఎడమ రొమ్ములో గడ్డ తగిలినప్పుడు ఆ సంచి మోతవల్ల నరం పట్టిందనుకుంది. పసుపూ వేపాకూ నూరి పట్టువేసుకుంది. జాకెట్టుకు అంటిన పసుపు చూసి నేను అడిగితే, "ఏటీ నేదు" అంది. ఒకరోజు బీరువా పైనుంచి డబ్బా దింపబోయి చెయ్యి లేవక నిలబడిపోయింది. అప్పుడు చెప్పింది.

సూదితో తీసి పరీక్షచేసి కేన్సర్ అన్నారు. ఆపరేషన్ చెయ్యాలన్నారు. అది రొమ్ములోనే ఉందా, చంకలోకి పాకిందా అన్నదే అసలు ప్రశ్న. మిగతా వైద్యమంతా, అమ్మ బతుకు కూడా, దానిమీదే ఆధారపడి ఉంది. చంకలో చిక్కుడుగింజల్లాంటి గ్రంథులు ఉంటాయి. రొమ్ము నుంచి ఏది బయల్దేరినా ముందు వాటి గడప తొక్కాలి. మొట్టమొదటి గ్రంథిని పట్టుకుని చూస్తే, అందులో జబ్బు లేకపోతే మిగతావాటిని కదపక్కర్లేదు. ఆ మొదటిదాన్ని కనిపెట్టడానికి ఒక రంగు ఎక్కిస్తామని, అది కంటికి కనిపించని వెలుగులో మెరుస్తుందని, ప్రత్యేకమైన కెమెరాతో చూస్తామని సర్జన్ చెబుతుంటే నేను ఆయన్ని మధ్యలోనే ఆపి, ఆ మిగతాది నేనే చెప్పేశాను. మా మెరిసే సరుకు మొత్తంలో మనిషి ఒంట్లోకి ఎప్పట్నించో అనుమతి ఉన్న పెద్దమనిషి ఆ రంగే. కారణం, అది పని చూసుకుని వెళ్లిపోతుంది.

ఇంటికొచ్చాక అమ్మకు చెప్పాను, నీకు ఎక్కించేది మా వెలుగేనని. ఎంత ధైర్యమొచ్చిందో నాకు. కంటి డాక్టరు సొంత తల్లికి కళ్లద్దాలు రాసిచ్చినంత నమ్మకంగా ఉన్నాను. అమ్మకు కూడా ధైర్యమొచ్చింది. ఆపరేషన్‌కు తీసుకెళ్తున్నప్పుడు స్ట్రెచర్ మీంచి, "గోంగూర తిన్లేదు లే" అంది.

ఆపరేషన్ అయ్యాక సర్జన్ నన్ను పక్కగదిలోకి పిలిచారు. కంప్యూటర్ తెర మీద వీడియో చూపించారు. చర్మం కింద సన్నని వెలుగుదారి చంక వైపు పాకుతూ వెళ్లింది. దాని చివర రెండు గ్రంథులు తెల్లగా మెరిశాయి. అలాంటి బొమ్మలు ఎలుకల్లో ఎన్నో చూశాను. అది అమ్మ అన్న సంగతి ఒక్క క్షణం మరిచిపోయి, ఎంత స్పష్టంగా ఉందోనని సంతోషించాను. ఆయన ఇంకో ఫోటో చూపించారు. మామూలు వెలుతురులో తీసింది. మెరిసిన వాటి పక్కనే ఇంకొక గ్రంథి, బొగ్గులా నల్లగా ఉంది.

"మీ అమ్మగారికి ఈ చేతికి పచ్చబొట్టు ఉంది కదా?" అన్నారాయన.

"ఉందండి, ముంజేతిమీద."

"ఆ పచ్చబొట్టు మసే ఇది. చేతినుంచి వచ్చే దారి కూడా చంకలోకే కదా. చర్మంలో వేసిన మసి కొద్దికొద్దిగా కణాలతో పాటు పైకొచ్చి ఇక్కడ చేరుతుంది. ఇది మెరవలేదు. మామూలుగా అయితే మెరవనిదాన్ని ముట్టుకోను. కానీ అంత నల్లగా కంటికి ఆనుతుంటే వదలబుద్ధి కాలేదు. తీసేశాను."

వారం తర్వాత రిపోర్టు వచ్చింది. మెరిసిన రెండింటిలోనూ జబ్బు లేదు. నల్లదాంట్లో ఉంది. మసి రేణువుల మధ్య సందుల్లో కేన్సర్ కణాలు నిండిపోయి ఉన్నాయి. అవి నిండి దారి మూసెయ్యడంవల్లే రంగు అందులోకి పోలేక పక్కవాటిలోకి మళ్లిందని సర్జన్ చెప్పారు. అలా జరగడం ఉందని నేను చదివాను. చదవడం వేరు. మా వెలుగు చూపించిన చోట ఏమీ లేదు. అది చూపించని చోట ఉంది. ఆ మసే గనక లేకపోతే అది అక్కడే మిగిలిపోయేది. ఆస్పత్రి మెట్లమీద కూర్చుని రిపోర్టు మళ్లీ మొదట్నించి చదివాను. కోపమొచ్చింది, ఎవరిమీద అంటే చెప్పలేను.

అమ్మకు దాచలేదు. దాస్తే ఊరుకునే మనిషి కాదు. మసి చేతినుంచి చంకదాకా ఎలా వచ్చిందో, తెల్లకణాలు రేణువులను మింగి మోసుకుపోవడం, అదంతా ఏళ్లతరబడి జరగడం, ఉన్నదున్నట్టు చెప్పాను. అమ్మ కట్టు ఉన్న వైపు చేతిని ఒళ్లో పెట్టుకుని, చుక్కలకేసి చూస్తూ వింది.

"అయితే నడిసొచ్చిందన్నమాట," అంది.

"అవును. ఒకలాగ నడిచొచ్చినట్టే."

"సెల్లే. సెల్లే ఒచ్చి సూపించింది. ఇక్కడుందప్పా, తీయించుకో అన్నాది."

నేను ఆమె చేతికింద దిండు సర్దాను. నా దగ్గర అంతకంటే మంచి మాట ఏదీ లేదు. కానీ అమ్మ మొహం అంతలోనే మారిపోయింది.

"తీసినదాన్ని ఏటి సేసినారే?"

గ్రంథిని మైనంలో పోతపోసి ముక్కలా చేస్తారని, దాన్నుంచి ఉల్లిపొర కంటే సన్నగా ఒక పొర కోసి గాజుపలక మీద అంటించి మైక్రోస్కోపులో చూస్తారని, మైనంముక్కనూ గాజుపలకనూ ఆస్పత్రివాళ్లు దాచి ఉంచుతారని చెప్పాను.

"దాసడమేటి? అది నాది గదా. సెల్లి సుక్కలు సగం అందులోకి ఎల్లిపోనాయి. నాను పోయినరోజున నాతోటే పంపీ. మరిసిపోకు."

పంపుతానన్నాను. అప్పటికి ఆ రోజు దూరంగా ఉందనుకున్నాను, మాటివ్వడం తేలిక. అయినా మర్నాడే ఆస్పత్రిలో అడిగాను. వైద్యం నడుస్తున్నంతకాలం ఆ ముక్క అక్కడే ఉండాలన్నారు. జబ్బు మళ్లీ తిరగబెడితే ఏ మందు పనిచేస్తుందో చూడటానికి దాన్నే మళ్లీ కొయ్యాల్సి వస్తుంది. ఆ మాట సబబే. ఇంకెవరి తల్లి గురించైనా అయితే నేను కూడా అదే చెప్పేదాన్ని.

మందులెక్కించారు. జుట్టు పోయింది, మళ్లీ వచ్చింది, ఈసారి రింగులు తిరిగి. అమ్మ దాన్ని చూసుకుని మురిసింది. బస్సెక్కి ఆనందపురం వెళ్లడం మళ్లీ మొదలుపెట్టింది, సంచి మాత్రం మావయ్య మోసుకొచ్చి బస్సెక్కించేవాడు. నేను చదువు ముగించి రుషికొండ వైపు ఒక కాలేజీలో ఉద్యోగంలో చేరాను. ప్రయోగశాల పని కూడా వదల్లేదు. అలా కొన్నేళ్లు గడిచాయి. ఆ ఏళ్లు ఆ నల్లగ్రంథి మాకు ఇచ్చినవి. అమ్మ దృష్టిలో పిన్ని ఇచ్చినవి.

తర్వాత జబ్బు కాలేయంలో తేలింది. ఆస్పత్రివాళ్లు ఇంకొన్ని పొరలు కొయ్యడానికి మైనంముక్కనే పరీక్షలకని ఎక్కడికో పంపారు. ఏదో మందు కుదిరింది, కొన్నాళ్లు పనిచేసి మానేసింది. అమ్మ కళ్లు పచ్చబడ్డాయి. అన్నం వాసన పడేది కాదు. పొద్దున్నపూట వరండాలో మంచం వేసి పడుకోబెడితే, స్టీల్‌ప్లాంట్ వైపు పొగ చూస్తూ ఉండేది.

ఒకరోజు అలా పడుకునే అంది. "మీ ఎలకలకి ఎక్కిత్తారు గదా, అది నాకూ ఎక్కించీ. లోపలెంత ఉందో నువ్వే సూసి సెప్పు. ఈ డాట్రులు సెప్పింది నాకు అరదం కావట్నేదు."

"అది మనుషులకు ఎక్కించకూడదమ్మా."

"ఏం?"

"ఒంట్లోకి పోయింది బయటికి రాదు. కాలేయంలో ఉండిపోతుంది. ఇంకా దానికి దారి దొరకలేదు మాకు."

అమ్మ నావైపు తిరిగింది. "రాపోతే ఏటి? నాతోటే పోతాది గదా," అంది.

నేను లేచి లోపలికి వెళ్లి, వంటింట్లో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. ఇన్నేళ్లు ఎలుకల కాలేయాల్లో మెరుపులు చూశాను. అమ్మ కాలేయంలో పెరుగుతున్నదాన్ని చూడటానికి నా దగ్గరున్నది ఏదీ పనికిరాదు. చూసినా ఏం చేసేదాన్ని? చూడటం వరకే నా విద్య. అది ఇంత చిన్నదని అంతకుముందు ఎప్పుడూ అనిపించలేదు.

మొహం కడుక్కుని వచ్చేసరికి అమ్మ నా చెయ్యి పట్టుకుని, ముంజేతిని వెనక్కి తిప్పి చూస్తోంది.

"నీకు నేదు గదే," అంది. "అక్కడికి నువ్వొచ్చినప్పుడు నాను నిన్నెలాగ పోల్సాలి? నువ్వూ ముసల్దానివైపోతావు."

"నీ కూతురిని పోల్చుకోలేవా?" అన్నాను, విసుక్కున్నట్టుగా.

"పోల్సుకుంటాను లే," అంది. నమ్మి అన్నట్టుగా లేదు.

అమ్మ ఒక ఆదివారం పొద్దున్న పోయింది. మావయ్యా ఊరివాళ్లూ మధ్యాహ్నానికల్లా వచ్చేశారు. స్నానం చేయించి, చెవుల దుద్దులు తీశారు. ముక్కుపుడక బిగుసుకుపోయి ఉంటే సబ్బునీళ్లు పోసి తీశారు. మంచి చీర కట్టారు. చేతిమీది చుక్కల్ని ఎవరూ తియ్యలేదు, అమ్మ చెప్పినట్టే. నాకు మాత్రం ఆస్పత్రిలో ఉన్నదే మనసులో తిరుగుతోంది. ఫోన్ చేశాను. ఆదివారం ఆ విభాగం తెరవరన్నారు. అదీగాక పరీక్షకు వెళ్లిన ముక్క ఇంకా తిరిగి రాలేదన్నారు.

"రేపటిదాకా ఉంచుదాం మావయ్యా," అన్నాను.

మావయ్య నా తలమీద చెయ్యి పెట్టాడు. "ఉంచకూడదమ్మా. అప్ప ఒల్లు సూడు, ఇప్పటికే ఎంత నలిగిపోనాదో. ఎండ దిగకముందే పంపీదాం."

ఎందుకు ఉంచమంటున్నానో అంతమంది ముందు చెప్పలేకపోయాను. చెప్పినా ఉంచేవాళ్లు కాదేమో. అమ్మ తన చుక్కల్లో సగంతోనే వెళ్లింది. చితి మండుతుంటే నాకు ఏడుపు కూడా సరిగ్గా రాలేదు. పిన్ని అక్కడ నిలబడి, వచ్చేవాళ్ల చేతులు ఒక్కొక్కటే చూస్తున్నట్టూ, అమ్మ చెయ్యి చూసి పోల్చుకోలేక పక్కకు తప్పుకున్నట్టూ ఒక ఊహ వచ్చింది. ఎలుకల్ని కోసే మనిషిని, ఇలాంటివి నమ్మను. ఆ రోజు నమ్మాను.

రెండు నెలల తర్వాత ఆస్పత్రినుంచి ఫోనొచ్చింది, వచ్చి తీసుకెళ్లమని. చిన్న ప్లాస్టిక్ చట్రంలో మైనంముక్క, గుడ్డలో చుట్టిన ఒక గాజుపలక ఇచ్చారు. మైనం మధ్యలో కందిగింజంత నలుపు. అక్కణ్నించి తిన్నగా ప్రయోగశాలకు వెళ్లాను. గాజుపలకను మైక్రోస్కోపు కింద పెట్టాను. గులాబీ, ఊదా రంగుల మధ్య నల్లగా, గుంపులు గుంపులుగా రేణువులు. తీర్థంలో ఒక మధ్యాహ్నం దీపం మసి. దాన్ని పొడిచిన చెయ్యి లేదు, పొడిపించుకున్న ఇద్దరూ లేరు. అది ఉంది. తర్వాత చీకటిగదిలో మా కెమెరా కింద పెట్టాను. ఎందుకో నాకే తెలియదు. మసి మెరవదు, ఆ వెలుగును మింగేస్తుంది. తెరంతా నల్లగా ఉంది. దాని ముందు కూర్చుని, అమ్మ పోయినరోజు రాని ఏడుపంతా ఏడ్చాను. చీకటిగది అని తలుపు ఎవరూ తియ్యరు, అది మంచిదైంది.

అమ్మ మాసికం రోజున మావయ్య ఇంటికి రెండూ పట్టుకెళ్లాను. అప్పటికి ఆయనకు సంగతంతా చెప్పాను. ఆయన నవ్వలేదు. అమ్మ, పిన్ని పచ్చబొట్లు పొడిపించుకున్న తీర్థం స్థలం ఇప్పుడు పెద్దరోడ్డు కింద పోయింది. అందుకని పెరట్లోనే, బంతిమొక్కల పక్కన ప్రమిద పెట్టాడు. నేను బ్లేడుతో చట్రం మీంచి మైనాన్ని జాగ్రత్తగా గీకి, నల్లటి గింజతో సహా ప్రమిదలో వేశాను. వత్తి వెలిగించాడు. మైనం కరిగింది. నల్లటి గింజ మంటలో చిటపటలాడి, ముడుచుకుని, బూడిదైంది.

"ఇంక అందీసుంటాది," అన్నాడు మావయ్య. తర్వాత నా చేతిలోని గుడ్డకేసి చూశాడు. "అదేటమ్మా? అదీ ఎయ్యి మరి."

గాజుపలక నా గుప్పిట్లోనే ఉంది. దాన్ని వెయ్యడానికే వచ్చాను. అమ్మకు ఇచ్చిన మాట మొత్తానికి ఇచ్చినది, సగానికి కాదు. గుడ్డ విప్పాను. వెలుతురుకేసి పట్టుకుంటే మధ్యలో ఈగ వాలినంత మచ్చ. మళ్లీ గుడ్డ చుట్టేశాను.

"ఇది నా దగ్గర ఉండనీ మావయ్యా," అన్నాను.

ఆయన ఎందుకని అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని. ఒక్క పొర తగ్గితే పిన్ని అమ్మను పోల్చుకోకుండా పోదు. నా ఒంటిమీద ఒక్క చుక్క కూడా లేదు. అక్కడికి నేను వెళ్లినప్పుడు అమ్మకు చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి.